ఉచ్చగుడ్డల ఘాటు, పిర్రల మీద ఎరుపు: బోరు నీళ్ల ఊళ్లలో న్యాపీలు ఉతికే పద్ధతి

దండెం మీద నుంచి తీసినప్పుడు గుడ్డకు ఏ వాసనా ఉండదు. బిడ్డకు కట్టాక ఒక్కసారి ఉచ్చ పోస్తే చాలు, కళ్లు మండేంత ఘాటు. రెండు రోజులకు పిర్రలు ఎర్రబడతాయి. నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు బోరు నీళ్ల ఇళ్లలో ఇది మామూలే. వాసనకు ఒక మందు, ఎరుపుకు ఒక క్రీము కోసం వెతుకుతుంటారు గానీ ఎక్కువసార్లు రెండింటికీ మూలం ఒకటే: పోగుల్లో వదలకుండా మిగిలిన మురికి, తడిగుడ్డ ఒంటికి అంటుకుని ఉన్న సమయం.

ఉచ్చలో యూరియా ఉంటుంది. గుడ్డలో మిగిలిన సూక్ష్మక్రిములు దాన్ని విరగ్గొడితే అమ్మోనియా పుడుతుంది. ఆ ఘాటు దానిదే. అమ్మోనియాతో చర్మం మీద క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు మలంలోని ఎంజైములు చురుగ్గా మారి చర్మం పైపొరను కొరికేస్తాయి. అందుకే ఉచ్చ ఒక్కటే ఉన్న గుడ్డ కంటే ఉచ్చ, దొడ్డి కలిసిన గుడ్డ ఎక్కువ చేటు.

ఒంటి మీద ఇప్పటికే ఎరుపు ఉంటే 1వ భాగం నుంచి మొదలుపెట్టండి. ఉతుకుడు సంగతి అదేరోజు సాయంత్రం చూసుకోవచ్చు.

1. ముందు బిడ్డ సంగతి: మొదటి మూడు రోజులు

క్రీము కంటే ముందు చేయాల్సింది గాలి తగలనివ్వడం. పైన వేసే ప్లాస్టిక్ జాంగ్యా, వాటర్‌ప్రూఫ్ కవరు ఈ మూడు రోజులు పక్కన పెట్టండి. కింద రబ్బరు షీటు, దాని మీద మెత్తటి పాత గుడ్డ పరిచి బిడ్డను పడుకోబెట్టండి. పక్క తడుస్తుంది, తడవనివ్వండి.

ప్రతిసారీ ఈ వరుస:

– చేతులు కడుక్కోండి.
– గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితోనో మెత్తటి గుడ్డతోనో తుడవండి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి. ఉచ్చ మాత్రమే పోస్తే సబ్బు అక్కర్లేదు.
– రుద్దకుండా, గుడ్డ అద్ది తడి తీయండి. గజ్జల మడతల్లో తడి ఉండిపోతుంది, అక్కడ మరోసారి అద్దండి.
– 10 నుంచి 15 నిమిషాలు ఏమీ కట్టకుండా వదిలేయండి. రోజులో మూడు నాలుగుసార్లైనా ఇలా చేయాలి.
– జింక్ ఆక్సైడ్ పేస్టు మందంగా పట్టించండి. కింద చర్మం కనబడకూడదు. అది లేకపోతే వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ.
– గుడ్డ వదులుగా కట్టండి. నడుము దగ్గర రెండు వేళ్లు దూరాలి.

చాలామంది పొరపడేది ఐదో మెట్టు దగ్గర. ప్రతిసారీ పాత పేస్టంతా గీకి తీసేసి కొత్తది రాస్తారు. ఆ గీకుడుకే చర్మం లేస్తుంది. మురికైన పైపొర వరకు తుడిచి, దాని మీదే మళ్లీ పూయండి.

పగలు రెండు గంటలకోసారి, దొడ్డికి వెళ్తే వెంటనే గుడ్డ మార్చాలి. ఎరుపు ఉన్నన్నాళ్లు రాత్రి కూడా ఒకసారి లేచి మార్చక తప్పదు. పాలు పట్టడానికి ఎలాగూ లేస్తారు కాబట్టి పాలకు ముందే మార్చేయండి, తర్వాత మారిస్తే బిడ్డ నిద్ర చెడుతుంది.

2. ఎరుపు ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూడండి. ట్యూబ్‌లైట్ కింద రంగు సరిగా తెలియదు.

పిర్రల మీద, తొడల మీద, గుడ్డ నేరుగా తగిలే ఉబ్బెత్తు చోట్ల ఎరుపు ఉండి గజ్జల మడతలు బాగుంటే అది తడి వల్ల, గుడ్డలో మిగిలిన సర్ఫు వల్ల వచ్చిన మంట. 1వ భాగంలో చెప్పినట్టు చేస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది.

మడతల లోపలే ముదురు ఎరుపు ఉండి, దాని అంచు బయట చిన్న చిన్న ఎర్రచుక్కలు విడివిడిగా కనిపిస్తే ఫంగస్ అయి ఉండొచ్చు. బిడ్డకో, పాలిచ్చే తల్లికో యాంటీబయాటిక్ వాడాక ఇది తరచుగా వస్తుంది. నోట్లో తుడిచినా పోని తెల్లమచ్చలు కూడా ఉంటే అనుమానం బలపడుతుంది. దీనికి జింక్ పేస్టు సరిపోదు. డాక్టర్ క్లోట్రిమజోల్ లాంటి క్రీము రాస్తారు. ఎరుపు పోయిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది, చెప్పినన్ని రోజులూ పూయాలి.

మలద్వారం చుట్టూ మాత్రమే ఉంటే విరేచనాల వల్ల. గుడ్డలు ఎంత బాగా ఉతికినా విరేచనాలు ఆగేదాకా ఇది తగ్గదు. అదే చోట గీత గీసినట్టు స్పష్టమైన అంచుతో ఎర్రటి వలయం ఉండి, దొడ్డికి వెళ్లేటప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే బ్యాక్టీరియా సోకి ఉండొచ్చు, ఇంట్లో ప్రయోగాలు చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

తొడ చుట్టూ గీతలా ఉంటే కవరు ఎలాస్టిక్ బిగుతు. నడుము చుట్టూ గీతలా ఉంటే మొలతాడు చూడండి. ఉచ్చలో తడిసిన తాడు ఆరకుండా రోజంతా ఒరుసుకుంటూ ఉంటుంది, కట్టిన రోజు నుంచి దాన్ని ఉతికినవారే ఉండరు. తాడు కట్టడం మానేయమని చెబితే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఎరుపు తగ్గేదాకా విప్పి పెట్టి, తర్వాత వదులుగా కొత్తది కట్టి, స్నానం చేయించినప్పుడల్లా దాని కింద తడి అద్దితే ఎవరికీ ఇబ్బంది లేదు.

3. వాసన ఎప్పుడొస్తుందో గమనించండి

ఉతికి ఆరేసిన గుడ్డే కంపు కొడితే, మురికి అసలు వదల్లేదు. సర్ఫు తక్కువైంది, లేదా ఒకే బకెట్‌లో గుడ్డలు కుక్కి ఉతికారు.

ఆరినప్పుడు ఏమీ లేకుండా, ఉచ్చ పోయగానే ఘాటు లేస్తే, పోగుల్లో ఉప్పు, సర్ఫు, పాత మురికి కలిసి పేరుకున్నాయి. 7వ భాగంలోని పెద్ద ఉతుకుడు దీనికే.

తెల్లారి గుడ్డ ఒక్కటే ఘాటుగా ఉంటే అంతగా కంగారు అక్కర్లేదు. రాత్రంతా నిలిచిన ఉచ్చ అలాగే ఉంటుంది. విప్పగానే నీళ్లలో జాడించి వేరుగా పెట్టండి. ఏప్రిల్, మే ఎండల్లో ఉచ్చ చిక్కబడి వాసన ఇంకా పెరుగుతుంది. ఉచ్చ ముదురు పసుపుగా, తక్కువసార్లు వస్తుంటే ముందు పాలు ఎక్కువసార్లు పట్టించాలి. గుడ్డ ఉతుకుడుతో అది తీరేది కాదు.

ముక్కిపోయిన వాసన వస్తే ఆరడం ఆలస్యమైంది. 8వ భాగం చూడండి.

4. నీళ్ల పరీక్ష

మూత ఉన్న గాజు సీసా గానీ నీళ్ల బాటిల్ గానీ తీసుకోండి. 300 మి.లీ. నీళ్లు పోసి, వేరుశనగ గింజంత ఒంటి సబ్బు ముక్క వేసి బాగా గిలక్కొట్టండి. సర్ఫు వేయొద్దు, దానితో తేడా సరిగా తెలియదు. పైన గుబురుగా నురగ నిలిచి కింద నీళ్లు తేటగా ఉంటే మంచినీళ్లు. నురగ రాకుండా నీళ్లు పాలవిరుగుడులా మారి, తెల్లటి తుట్టె తేలితే ఉప్పు నీళ్లు, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నవి. ఆ తుట్టే గుడ్డ పోగుల్లోనూ పేరుకుంటుంది.

నల్గొండలో నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తాగడానికి అది పెద్ద సమస్యే గానీ గుడ్డల కంపుకు, దానికి సంబంధం లేదు. ఇక్కడ చూడాల్సింది సబ్బు విరుగుతుందా లేదా అన్నదే.

ఇంట్లో బోరు, మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా రెండూ ఉంటే రెండింటికీ పరీక్ష చేయండి. నల్లా నీళ్లు మెరుగ్గా తేలితే వాటిని ఇలా పొదుపు చేయాలి: దొడ్డి వదిలించడానికి, మొదటి తడుపుకు బోరు నీళ్లు. అసలు ఉతుకుడుకు కూడా బోరు నీళ్లే, కానీ బట్టల సోడా కలపాలి. ఆ తర్వాతి జాడింపులకు నల్లా నీళ్లు. నల్లా నీళ్లు ఒక్క బకెట్టే దొరికితే చివరి జాడింపుకు దాచొద్దు, సర్ఫు వదిలించే మొదటి జాడింపుకే వాడండి. సబ్బు నిండిన గుడ్డకు ఉప్పు నీళ్లు తగిలినప్పుడే తుట్టె ఎక్కువ కడుతుంది.

వానాకాలంలో రేకుల మీద నుంచి పట్టిన వాన నీళ్లు అన్నిటికంటే మంచివి. తొలి వాన దుమ్ము వదిలేసి తర్వాతిది పట్టండి.

5. గుడ్డలు: ఏవి, ఎన్ని

పాత నూలు పంచెలు, లుంగీలు, బాగా నలిగిన నారాయణపేట నూలు చీరలు లంగోటీలకు బాగా పనికొస్తాయి. గద్వాల చీరైతే జరీ అంచు, పట్టు కొంగు కత్తిరించి నూలు భాగమే వాడాలి. పాలిస్టర్ కలిసిందేమోనని అనుమానం ఉంటే ఒక పోగు కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

పెట్టెలో డాంబర్ గోళీలతో దాచిన చీరలను తీసి నేరుగా పసిబిడ్డకు కట్టకండి. నాఫ్తలీన్ ఆవిరి గుడ్డలో నిలుస్తుంది. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పిల్లల్లో దానివల్ల ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లు ముదురుతాయి. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు కాబట్టి ఆ గోళీల వాసన పట్టిన గుడ్డలు పసిపిల్లల దరికి రానీయకపోవడమే మేలు.

పుట్టిన కొత్తల్లో రోజుకు 10, 12 గుడ్డలు పడతాయి. రోజూ ఉతికేవారికి 24 సరిపోతాయి, వానల్లో 36 ఉండాలి. దుకాణంలో కొన్న పాకెట్ న్యాపీలైతే లోపలి ప్యాడ్ ఏ గుడ్డదో చూడండి. మైక్రోఫైబర్ త్వరగా ఆరుతుంది గానీ కంపు పట్టుకుంటే వదలదు, పైగా ఒంటికి నేరుగా తగలకూడదు.

6. రోజువారీ ఉతుకుడు

విప్పిన గుడ్డలను మూతబిగించిన బకెట్‌లో నీళ్లు పోసి నానబెట్టడం చాలా ఇళ్లలో ఉంది. ముందు మానాల్సింది అదే. ఆ నీళ్లలో క్రిములు పెరిగి, తెల్లారేసరికి శుభ్రంగా ఉన్న గుడ్డలకు కూడా కంపు ఎక్కుతుంది. జాడించి, పిండి, గాలి ఆడే ప్లాస్టిక్ బుట్టలో వేయండి. ఎండాకాలం ఏ రోజువి ఆ రోజే, మిగతా కాలాల్లో రెండో రోజు దాటకుండా ఉతకాలి.

చేత్తో ఉతికేవారికి, 10 లీటర్ల బకెట్‌కు 10 నుంచి 12 పల్చటి గుడ్డలు:

మొదట దొడ్డిని మరుగుదొడ్లో దులిపి, చల్లనీళ్లతో వదిలించండి. ముందే వేడినీళ్లు పోస్తే మరక పట్టుకుపోతుంది. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ దొడ్డి నీళ్లలో సులువుగా కరుగుతుంది. ఆరు నెలలు నిండి అన్నం, పప్పు మొదలైతే మాత్రం బ్రష్ పట్టాల్సిందే.

తర్వాత మామూలు నీళ్లలో అన్నీ ఒకసారి పిండి, ఆ నీళ్లు పారబోయండి. ఉచ్చ చాలావరకు ఇక్కడే పోతుంది. ఈ మెట్టు దాటేసి నేరుగా సర్ఫులో వేస్తే గుడ్డలు ఉచ్చ నీళ్లలోనే ఉతికినట్టు.

మూడోది అసలు ఉతుకుడు. చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్లు, నిండుగా ఒక పెద్ద చెంచా సర్ఫు. బోరు నీళ్లయితే ఒక పెద్ద చెంచా బట్టల సోడా ముందు కరిగించి, ఐదు నిమిషాలాగి సర్ఫు వేయండి. బట్టల సోడా వేరు, వంట సోడా వేరు. బట్టల సోడా చేతులను కొరుకుతుంది, గ్లవ్స్ వేసుకోండి. అరగంట నానబెట్టి గట్టిగా నలపండి. బట్టల సబ్బు బిళ్ల ఉప్పు నీళ్లలో తుట్టె కడుతుంది, న్యాపీలకు పొడే నయం.

ఇక జాడింపులు. కనీసం మూడు. లెక్క కంటే పరీక్ష ముఖ్యం: చివరి గుడ్డను తేట నీళ్లలో పిండితే నురగ రాకూడదు, వేళ్లకు జారుడు తగలకూడదు. జారుతుంటే సోడా ఇంకా ఉంది, అదే రేపు ఒంటిని మండిస్తుంది.

మెషీన్ ఉంటే ముందు సర్ఫు లేకుండా ఒక చిన్న వాష్, తర్వాత ప్యాకెట్ మీద బాగా మురికి బట్టలకు చెప్పిన పూర్తి మోతాదుతో పెద్ద వాష్, ఆపైన ఒక అదనపు రిన్స్. పసిబిడ్డ గుడ్డలని సర్ఫు సగం వేస్తారు. ఒంటికి పడదన్న భయంతోనే అయినా, దానివల్లే మురికి మిగిలిపోతుంది. సర్ఫు పూర్తిగా వేసి, జాడింపు పెంచండి. డ్రమ్ మూడొంతుల్లో రెండొంతులకు మించి నింపొద్దు.

జింక్ పేస్టు రాస్తున్న రోజుల్లో న్యాపీ లోపల అరచెయ్యి వెడల్పు పాత నూలు పీలిక ఒకటి వేసి, దాన్ని వేరుగా ఉతకండి. లేకపోతే పేస్టు ప్యాడ్‌కు పట్టి ఉచ్చ పీల్చుకోదు.

7. పేరుకున్న మురికి వదిలించడం

నెలకోసారి అలవాటుగా చేసే పని కాదిది. ఉచ్చ పోయగానే ఘాటు వచ్చే గుడ్డలకు మాత్రమే. ముందు మామూలుగా ఉతికిన గుడ్డలే తీసుకోవాలి.

నూలు గుడ్డలకు: స్టీలు గంజులోనో ప్లాస్టిక్ బకెట్‌లోనో 10 లీటర్ల బాగా వేడి నీళ్లు, మూడు పెద్ద చెంచాల బట్టల సోడా, ఒక చెంచా సర్ఫు. సత్తు గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. గుడ్డలు ముంచి నాలుగు గంటలు వదిలేయండి, మధ్యలో రెండుసార్లు కర్రతో కలపండి. నీళ్లు మసకగా, బురదగా మారతాయి. పిండి, సర్ఫుతో ఇంకోసారి ఉతికి, నురగ పోయేదాకా జాడించండి.

ఇంకా గుడ్డ అట్టలా బిరుసుగా ఉంటే అది ఉప్పు. 10 లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి అరగంట ముంచి, రెండుసార్లు జాడించండి. సోడాను, నిమ్మ ఉప్పును ఒకే నీళ్లలో కలపొద్దు, ఒకదాని బలాన్ని ఇంకొకటి చంపేస్తుంది.

ఫంగస్ వచ్చి తగ్గిన బిడ్డ నూలు గుడ్డలను కాగులో పది నిమిషాలు మరిగించి, ఆరాక వేడిగా ఇస్త్రీ చేయండి. ఎలాస్టిక్, వాటర్‌ప్రూఫ్ కవర్లు, మైక్రోఫైబర్ ప్యాడ్లు మరిగిస్తే పాడవుతాయి. వాటికి లేబుల్ మీద ఉన్నంత వేడే.

8. ఆరబెట్టడం

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఎండకు కొదవలేదు. నూలు గుడ్డలు నేరుగా ఎండలో వేయండి. కవర్లు మాత్రం తలకిందులు చేసి నీడలో వేయాలి, 42, 43 డిగ్రీల ఎండకు ఎలాస్టిక్ పెళుసైపోతుంది.

జూలై నుంచి సెప్టెంబరు వరకు కష్టం. గుడ్డలు మడత లేకుండా, ఒకదానికొకటి తగలకుండా ఫ్యాన్ కింద వేయండి. మందపాటి ప్యాడ్లు పక్కన పెట్టి, ఒంటి పొర పెద్ద గుడ్డలు మడిచి వాడితే సగం సమయంలో ఆరతాయి. కొద్ది చెమ్మ మిగిలితే ఇస్త్రీతో తీసేయండి.

తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి గుడ్డలారేయడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. సాంబ్రాణి పొగ పట్టించినా చెమ్మ పోదు, కంపు మీద ఇంకో వాసన చేరుతుంది, అంతే.

9. దూరంగా పెట్టాల్సినవి

బట్టలు మెత్తబడే కండిషనర్ గుడ్డ పీల్చే గుణాన్ని పోగొడుతుంది. యాంటిసెప్టిక్ ద్రవం చివరి జాడింపులో వేస్తే గుడ్డలో మిగిలి మంట పుట్టిస్తుంది. కుంకుడు రసం తలకు మంచిదే, దొడ్డి మరకలకు దాని శక్తి చాలదు.

బ్లీచింగ్ పౌడర్ ఉచ్చగుడ్డల మీద చల్లితే అమ్మోనియాతో కలిసి విషవాయువు వస్తుంది. నిమ్మ ఉప్పుతోనో, బాత్‌రూం కడిగే యాసిడ్‌తోనో కలిస్తే క్లోరిన్ వస్తుంది. ఇంట్లో పసిబిడ్డ ఉండగా ఆ జోలికే వెళ్లొద్దు.

ఒంటికైతే టాల్కం పౌడర్ వద్దు. మడతల్లో ముద్దకట్టి ఒరుస్తుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోరిక్ యాసిడ్ ఉన్న పౌడర్లు చెదిరిన చర్మం గుండా ఒంట్లోకి దిగితే విషం. వంట సోడా, కర్పూరం కలిపిన నూనె, పచ్చి పసుపు ముద్ద లేచిన చర్మం మీద పెట్టొద్దు. కొబ్బరినూనె పల్చగా రాస్తే తప్పు లేదు, ఎరుపు ముదిరాక మాత్రం దానితో పని జరగదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం మందుల షాపులో అడగ్గానే ఇచ్చే గజ్జి, తామర ట్యూబులతో జరుగుతుంది. చాలా వాటిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో ఎరుపు మాయమై మంచి మందనిపిస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఫంగస్ లోపల పెరిగి, ఆపగానే రెట్టింపై వస్తుంది. గుడ్డ బిగించి కట్టిన చోట చర్మం ఆ మందును ఇంకా ఎక్కువ పీలుస్తుంది.

10. ఆసుపత్రికి ఎప్పుడు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగకండి:

– మూడు రోజులు పద్ధతిగా చేసినా తగ్గలేదు, లేదా పాకుతోంది
– నీటి పొక్కులు, చీము, రక్తం, పుండు
– జ్వరం, పాలు తాగకపోవడం, మందకొడిగా ఉండటం
– నెల నిండని బిడ్డ
– విరేచనాలతో పాటు ఉచ్చ తగ్గిపోవడం

చివరిదైతే దారిలోనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి, ప్యాకెట్ ఆశా వర్కర్ దగ్గర దొరుకుతుంది. తల్లిపాలు ఆపొద్దు. పసికందుకు జ్వరమో మందకొడితనమో ఉంటే 108కి ఫోన్ చేయండి. మిగతావాటికి దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చాలు. అక్కడి నుంచి అవసరమైతే నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో పిల్లల విభాగానికి పంపుతారు.

వెళ్లేముందు జింక్ పేస్టు తుడిచేయండి, లేకపోతే చర్మం కనబడదు. ఎరుపు మొదలైన రోజు తీసిన ఫొటో ఉంటే ఫోన్‌లో సిద్ధంగా ఉంచుకోండి. ఇప్పటిదాకా పూసిన ట్యూబులన్నీ, ఖాళీ అయినవి సహా, సంచిలో వేసుకెళ్లండి. వాటిలో స్టెరాయిడ్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి రాసే మందు మారుతుంది.